ఆసుపత్రి మారినప్పుడు రిపోర్టులు ఎవరి చేతిలో ఉండాలి?

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే బాధ. రోగి గురించి ఒక ఆసుపత్రికి తెలిసిన సంగతి అవసరమైన మరో ఆసుపత్రికి చేరడం లేదని కొందరు రాశారు. చేరకూడని చోటికి చేరిందని మరికొందరు రాశారు. పాఠకుల పేర్లను, వారు పేర్కొన్న ఆసుపత్రుల పేర్లను తొలగించి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. నాలుగు నెలల కిందట గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండెకు స్టెంటు వేశారు. ఇప్పుడు ఆయాసం వస్తోందని హైదరాబాదులో మరో డాక్టరుకు చూపిస్తే పాత కేస్ షీటు, యాంజియో సీడీ తెమ్మన్నారు. గుంటూరు ఆసుపత్రి వారు ‘మీకు ఇవ్వం, ఆ డాక్టరే మమ్మల్ని అడగాలి’ అని ఒకసారి, ‘బిల్లు బాకీ ఉంది’ అని మరోసారి తిప్పి పంపారు. రిపోర్టులు అడిగే హక్కు మాకు లేదా? డాక్టర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి నాన్నగారి సంతకం కావాలా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీకు హక్కు ఉందమ్మా. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగి రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్లపాటు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారం ఇచ్చిన సహాయకుడు గాని అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ఆ నియమావళే పేర్కొంది. 2023 ఆగస్టులో దీని స్థానంలో కొత్త నియమావళి వచ్చినా అదే నెలలో దానిని నిలిపివేశారు కనుక 2002 నాటిదే నడుస్తోంది. బిల్లు బాకీ ఉంటే రికార్డులు ఆపవచ్చన్న మినహాయింపు అందులో ఎక్కడా లేదు. బాకీ వసూలు చేసుకునే దారి వేరు.

అయితే మనలో చాలామంది కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగి, రేపు రమ్మంటే రేపు వెళ్లి, ఎల్లుండి రమ్మంటే ఎల్లుండి వెళ్లి అలసిపోతారు. నోటితో అడిగితే ఆ 72 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తేల్చేవారు ఉండరు. నాన్నగారి సంతకంతో, మీకు అధికారం ఇస్తున్నట్లు ఒక వాక్యం చేర్చి, ఏయే కాగితాలు కావాలో పేరుపేరునా రాసి రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒక ప్రతి మీద తేదీ, ఆసుపత్రి ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. నా అనుభవంలో ముద్ర వేసిన ఆ కాగితం చేతిలోకి వచ్చేసరికే సగం పని జరిగిపోతుంది.

ఇక సంతకం సంగతి. రోగి తనకు చెప్పుకున్న రహస్యాలను డాక్టరు బయటపెట్టకూడదని అదే నియమావళి చెబుతూ, మూడు మినహాయింపులు మాత్రం ఇచ్చింది: న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ఫలానా వ్యక్తికి గాని సమాజానికి గాని తీవ్రమైన ప్రమాదం ఉందని తేలినప్పుడు, ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధి అయినప్పుడు. ఈ మూడింటిలో మరో డాక్టరు ప్రస్తావన లేదు. అంటే ఇద్దరు డాక్టర్ల మధ్య సమాచారం నడవడానికి ఆధారం రోగి సమ్మతే. నాన్నగారు తానై హైదరాబాదు డాక్టరు దగ్గరకు వెళ్లి, పాత వైద్యం గురించి చెప్పి, కాగితాలు తెప్పించుకోవడానికి ఒప్పుకున్నారు కనుక ఆ సమ్మతి ఆయన ప్రవర్తనలోనే ఉంది. ప్రత్యేకంగా సంతకం లేకున్నా డాక్టర్లు మాట్లాడుకోవడంలో తప్పు లేదు. సంతకం ఉంటే వాదన ఉండదు. స్పృహ లేని రోగిని అత్యవసర విభాగానికి తెచ్చినప్పుడు మాత్రం ప్రాణం నిలబెట్టేందుకు కావలసిన సమాచారం కోసం ఎవరూ సంతకాల కోసం ఆగరు, ఆగకూడదు కూడా.

ఈ సమ్మతి వైద్యానికి కావలసినంత మేరకే వర్తిస్తుంది. పదేళ్ల కిందట ఆయన కుంగుబాటుకు మందులు వాడి ఉంటే ఆ కౌన్సెలింగ్ వివరాలన్నీ గుండె డాక్టరుకు అక్కర్లేదు. ఇప్పుడూ వాడుతుంటే మాత్రం ఆ మందుల పేర్లు తప్పక తెలియాలి, ఎందుకంటే కొన్ని మందులు ఒకదానితో ఒకటి పొసగవు.

మీ విషయంలో వెళ్లవలసినవి ఏమిటంటే, ఏ రక్తనాళంలో ఏ రకం స్టెంటు ఏ రోజున వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఏ మాత్రలు ఏ మోతాదులో ఇచ్చారు, వాటిని ఎన్నాళ్లు వాడమన్నారు, అప్పటి ఎకోలో గుండె పంపింగ్ ఎంత ఉంది, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంత, ఏ మందైనా పడలేదా అన్నవి. స్టెంటు వేసిన తరవాత ఇచ్చే మందుల్లో టికాగ్రెలార్ అన్నది కొందరిలో ఆయాసం కలిగిస్తుంది. మీ నాన్నగారి ఆయాసానికి కారణం గుండె నీరసమా, స్టెంటు మళ్లీ పూడుకుపోవడమా, కేవలం ఆ మాత్రా అన్నది తేల్చడంలో పాత డిశ్చార్జి సమ్మరీలోని ఒక్క పంక్తి ఎంతో పనికివస్తుంది. ఇది చదివి మాత్ర ఆపవద్దు. డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్లండి. ‘పొద్దున వేసుకునే తెల్ల బిళ్ల’ అని చెప్పే రోగులను నా జీవితంలో వేలమందిని చూశాను. తెల్ల బిళ్లలు వందల రకాలు.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ‘ఆభా’ ఉందా అని అడిగి, గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు. చేస్తే వరుసలో నిలబడే పని తప్పింది గాని, ఆ తరవాత అనుమానం పట్టుకుంది. నేను గతంలో మానసిక వైద్యుడి దగ్గర చికిత్స తీసుకున్నాను. ఇకపై నేను ఏ ఆసుపత్రికి వెళ్లినా అదంతా కంప్యూటరులో కనబడుతుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కనబడదు. మీరు చేసిన స్కానుతో ఆసుపత్రికి వెళ్లింది మీ పేరు, వయసు, చిరునామా, ఫోను నంబరు వంటి నమోదు వివరాలే. ఓపీ చీటీ రాసే గుమాస్తా అడిగి రాసుకునే వివరాలే ఫోను నుంచి వెళ్లాయి.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఆభా అన్నది 14 అంకెల గుర్తింపు సంఖ్య. రికార్డులన్నీ ఢిల్లీలో ఒక పెద్ద గోదాములో పోగుపడతాయని చాలామంది అనుకుంటారు. ఆ ఏర్పాటు అలా లేదు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. రెండో ఆసుపత్రి చూడదలచుకుంటే సమ్మతి కోరుతూ మీ ఫోనుకు అభ్యర్థన పంపాలి. ఎవరు అడుగుతున్నారు, ఏ ప్రయోజనానికి, ఏ రకం కాగితాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది అన్నవి అందులో ఉంటాయి. మీరు కాదనవచ్చు. ఒప్పుకుంటూనే రక్తపరీక్షలు చాలు, గత ఆరు నెలలవి చాలు అని కుదించవచ్చు. ఇచ్చిన అనుమతిని తరవాత రద్దు చేసుకోవచ్చు. అయితే అప్పటికే చదివిన డాక్టరు చదివినదాన్ని మరిచిపోడు కనుక కుదించవలసిందేదో ముందే కుదించడం మేలు. సమ్మతిని నడిపే వ్యవస్థకు మీ రిపోర్టులు చదివే వీలుండదు. అవి సంకేత భాషలో ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి నేరుగా పోతాయి.

మీ మానసిక వైద్యుడు ఆ రికార్డును మీ ఆభాకు జోడించి ఉంటేనే ఈ దారిలో వెళ్లే అవకాశం ఉంది. పాత కాగితాలు వాటంతట అవి ఇందులో ప్రవేశించవు. ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. అది లేదని వైద్యం నిరాకరించరాదు. నా కలవరం మరోచోట ఉంది. ఓపీ వరుసలో వెనకనున్నవారు తోస్తుంటే, ఫోనులో వచ్చిన ఓటీపీని సిబ్బందికి చదివి వినిపించి, ఏ బటను నొక్కారో చూడకుండా ‘అయిపోయిందా బాబూ’ అని అడిగే పెద్దవారిని రోజూ చూస్తున్నాం. వ్యవస్థ ఎంత జాగ్రత్తగా అల్లినా, సమ్మతి అన్నది ఆ అర నిమిషంలో ఇలా జారిపోతోంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకుల విషయంలో నేర్చుకున్నాం. ఆసుపత్రిలోనూ దేనికని ఒక్క మాట అడగడం అలవాటు చేసుకోవాలి.

మానసిక చికిత్సకు విడిగా రక్షణ కూడా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను మీ చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. మీకు వైద్యం చేసే ఇతర వైద్య నిపుణులకు ఆ వైద్యం కోసం చెప్పడం, ఎవరికైనా హాని జరగకుండా ఆపడం, ప్రాణాపాయం, న్యాయస్థానం వంటి అధికార సంస్థల ఆదేశం మొదలైనవి మినహాయింపులు. మీ యజమానికో, పెళ్లి సంబంధం వారికో చెప్పడం ఏ మినహాయింపులోకీ రాదు. మీ రికార్డును మీరే అడిగి చూసుకునే హక్కు 25వ సెక్షనులో ఉంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మీకు పనికివస్తుంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే వీలు కల్పించాలని అది చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులువుగానే వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి. వైద్య సలహా ఇచ్చే యాప్ ఒకటి మీ ఫోనులోని పేర్ల జాబితా కూడా అడిగితే, మీరు సరేనన్నా ఆ సమ్మతి వైద్య సేవకు అవసరమైనంత వరకే చెల్లుతుందని చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల మీద బాధ్యత మోపే ముఖ్యమైన భాగాలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు.

ప్రశ్న: నేను హెచ్ఐవీ మందులు వాడుతున్నాను. పన్ను తీయించుకోవడానికి వెళ్తే దంత వైద్యుడికి చెప్పాలా? చెబితే రిసెప్షను దాకా పాకుతుందని భయం. ఈ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వారు నాకు తెలియకుండా ఆయనకు చెప్పవచ్చా?
— పేరు, ఊరు వద్దన్న పాఠకుడు

జవాబు: చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని 8వ సెక్షను ప్రకారం న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప తన స్థితిని చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయరాదు. నమ్మకంతో తనకు చెప్పిన మరొకరి స్థితిని ఆ వ్యక్తి రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టరాదు. మీరు అడిగిన చిక్కుకు జవాబు మినహాయింపులో ఉంది: ఒక వైద్య సేవకుడు, అదే రోగి చికిత్సలో పాలుపంచుకుంటున్న మరో వైద్య సేవకుడికి, ఆ చికిత్సకు అవసరమైతే సమ్మతి లేకున్నా చెప్పవచ్చు. అక్కడ ‘పాలుపంచుకుంటున్న’, ‘అవసరమైతే’ అన్న రెండు మాటలూ బరువైనవి. రిసెప్షనులో చీటీ రాసే వ్యక్తి, బీమా ఏజెంటు, పక్క గదిలో ఉన్న ఇంకో డాక్టరు ఆ గీత లోపలికి రారు. మంచానికి ఎర్ర అక్షరాలతో చీటీ తగిలించడానికి ఈ మినహాయింపు సాకు కాజాలదు.

నా సలహా మాత్రం దంత వైద్యుడికి మీరే, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమనే. మీరు చెప్పకపోతే ఆయనకు అంటుకుంటుందన్నది దీనికి కారణం కాదు. చేతి తొడుగులు, పరికరాల శుద్ధి ప్రతి రోగికీ ఒకే రకంగా పాటించడం ఆయన విధి. మీ రక్తకణాల స్థితిని బట్టి పుండు మానే వేగం, ఇవ్వవలసిన యాంటీబయాటిక్ మారవచ్చు; ఏఆర్‌టీ మందులతో పొసగని మందులు కొన్ని ఉన్నాయి. ఫైలు అట్ట మీద రాయవద్దని కూడా చెప్పండి. అలా అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ప్రశ్న: మా మామగారికి క్యాన్సర్ అని తేలింది. ఆయనకు చెప్పవద్దని మా వారు, మా బావగారు డాక్టరును బతిమాలారు. ఫారాల మీద కొడుకులే సంతకాలు పెడుతున్నారు. ఇది సరైనదేనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ ఇంటివారి ప్రేమను నేను తక్కువ చేయను. కాని స్పృహలో ఉండి మంచిచెడులు ఆలోచించగల పెద్దమనిషి తరఫున కొడుకు పెట్టే సంతకానికి చట్టంలో విలువ లేదు. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన 44 ఏళ్ల మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ఆమె మేలుకునే దాకా ఆగలేనంత ప్రాణాపాయం లేదు కనుక తల్లి సమ్మతి చెల్లదని, ఆమెకు 25,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని, వైద్యురాలికి ఫీజు రాదని తీర్పు వచ్చింది. సొమ్ము చిన్నదే గాని, రోగం, చికిత్స, దాని లాభనష్టాలు, వేరే దారులు తెలిపాకే సమ్మతి సమ్మతి అవుతుందని అందులో స్పష్టం చేశారు. రోగం పేరే తెలియని మనిషి కీమోకు ఇచ్చే ఒప్పుకోలు ఆ కొలతకు ఎలా నిలుస్తుంది?

2002 నియమావళిలో రోగికి గాని, బంధువులకు గాని పరిస్థితి తెలిసి ఉండేలా డాక్టరు చూసుకోవాలన్న వాక్యం ఒకటి ఉంది. బంధువులకు చెప్పి ఊరుకునే డాక్టర్లు దానినే ఆసరా చేసుకుంటారు. నేను ఆ పని చేయను. రోగి వద్ద కూర్చుని, ‘మీ జబ్బు గురించి అంతా మీకే చెప్పమంటారా, పిల్లలకు చెబితే చాలంటారా’ అని ముందు అడుగుతాను. ‘వాడికి చెప్పండి’ అనేవారు ఉన్నారు. అది వారి నిర్ణయం, ఆ తరవాత కొడుకుతో మాట్లాడటానికి అదే సమ్మతి. పైగా ఎంత దాచినా, హైదరాబాదులోని ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగిన మనిషికి ఏ జబ్బు కోసం వచ్చామో తెలియదనుకోవడం మన భ్రమ. తెలిసీ తెలియనట్టు నటిస్తున్న తండ్రి, తెలియదనుకుంటూ నటిస్తున్న కొడుకులు ఒకే గదిలో కూర్చుని ఉండగా వైద్యం చేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అందరికంటే ముందు నోరు విప్పేది సాధారణంగా ఆ తండ్రే.

ప్రశ్న: ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటే టీబీ అన్నారు. వారం తిరగకుండా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. డాక్టరు నా రహస్యం బయటపెట్టినట్టు కాదా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కాదు. టీబీ 2012 నుంచి తప్పక తెలియజేయవలసిన వ్యాధి. ప్రైవేటు డాక్టరైనా, ల్యాబైనా ప్రభుత్వ టీబీ పోర్టల్ ‘నిక్షయ్’లో నమోదు చేయాలి. దానివల్ల మందులు ఆగకుండా అందుతాయి, ఇంట్లో పిల్లలకు పరీక్ష జరుగుతుంది, పోషకాహారానికి నెలకు ఇచ్చే 1,000 రూపాయలు (2024 నవంబరుకు ముందు 500) మీ ఖాతాలో పడతాయి. ఆ కార్యకర్త వీధిలో నిలబడి జబ్బు పేరు పెట్టి పిలిస్తే మాత్రం అది తప్పు. పీహెచ్‌సీ వైద్యాధికారికి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎక్స్‌రేను డాక్టరు తన వాట్సాప్ గ్రూపులో పెట్టి సలహా అడిగారట. పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తోటి డాక్టరు సలహా అడగడం మంచిదే. ఎక్స్‌రే మూలన ఉన్న పేరు, వయసు, తేదీ, ఆసుపత్రి నంబరు కొట్టేసి పెట్టాలి. ముఖం గాని, పుట్టుమచ్చ వంటి గుర్తులు గాని కనబడే ఫొటో అయితే మీ అనుమతి తీసుకోవలసిందే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. నన్ను చూడటానికి వచ్చిన అమ్మకు ఇక్కడ ఆయాసంతో ఆసుపత్రిలో చికిత్స జరిగింది. వచ్చే నెల విజయవాడ తిరిగి వెళ్తుంది. అక్కడి డాక్టరుకు రిపోర్టులు పంపమంటే అమ్మ సంతకం కావాలన్నారు. ఆమెకు ఇంగ్లీషు రాదు.
— ఒక పాఠకుడు

జవాబు: అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద రోగుల వివరాల గోప్యత కోసం వచ్చిన నియమాల ప్రకారం చికిత్స కోసం ఒక డాక్టరు మరో డాక్టరుకు వివరాలు పంపడానికి రోగి సంతకం తప్పనిసరి కాదు. అయినా జాగ్రత్త కోసం చాలా ఆసుపత్రులు అడుగుతాయి, ముఖ్యంగా విదేశానికి పంపేటప్పుడు. సంతకం గురించి వాదులాడుతూ కాలం పోగొట్టుకోవద్దు. తన రికార్డు తానే తీసుకునే హక్కు అమ్మకు ఉంది. ఆమె పేరున రాతపూర్వకంగా కోరండి. ఆసుపత్రి 30 రోజుల్లోగా ఇవ్వాలి, మరో 30 రోజులు పొడిగించుకునే వీలు దానికి ఉంది కనుక టికెట్టు తేదీ చూసుకుని ఈ వారమే పెట్టండి. మీరు కూడా చూసుకునేలా అధికారం ఇస్తూ విడిగా ఒక సంతకం చేయించండి.

ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రి అయితే తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి, ఫోనులోనైనా ఇస్తారు. కొడుకుగా మీకు ఇంగ్లీషు వచ్చినా దుబాసీనే అడగండి. అమ్మ మీకు చెప్పడానికి సిగ్గుపడే విషయాలు కొన్ని ఉంటాయి, మీరు అమ్మకు చెప్పడానికి భయపడేవి కొన్ని ఉంటాయి. రెండూ డాక్టరుకు చేరాలి.

విజయవాడకు సారాంశం, స్కాన్ల సీడీ, మందుల జాబితా మూడూ చేతిసంచిలో పెట్టి పంపండి, చెకిన్ సామానులో వేయవద్దు. మందుల జాబితాలో కంపెనీ పేర్లకు బదులు అసలు పేర్లు రాయించుకోండి. అక్కడ అల్బుటెరాల్ అని రాసేది ఇక్కడి సాల్బుటమాల్, ఎసిటమినోఫెన్ అని రాసేది ఇక్కడి పారాసిటమాల్. అది తెలియక ఒకే మందును రెండు పేర్లతో రెండింతలు వేసుకుని వచ్చినవారికి నేను వైద్యం చేశాను.